మ్యాపింగ్ మహాశయుడు

పాట కట్టేవారు, దాన్ని రికార్డు చేసేవారు అనే రెండు తెగలే స్టూడియోలో ఉంటాయన్న పాత లెక్కకు అందని జీవి ఒకరు ఆరణి పరిసరాల్లో కనిపిస్తారు. ఈయన ఆ రెండు పనుల్లో ఏదీ చేయరు. వాటికి కావలసిన ఏర్పాట్లు మాత్రం ఎడతెగకుండా చేస్తూ ఉంటారు. సౌలభ్యం కోసం ఈయనను మ్యాపింగ్ మహాశయుడని వ్యవహరించవచ్చు.

ఈయన ఇల్లు తెలుగు, వీధి తమిళం. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి ప్రాంతం ఆంధ్రప్రదేశ్ నుంచి మద్రాసు రాష్ట్రంలో కలిసినా తెలుగు ఇళ్లు ఎక్కడివక్కడే ఉన్నాయి కనుక, ఆడి నెలలో పెరియపాళెం భవానీ అమ్మవారి పాటకైనా, తిరుత్తణి ఆడి కృత్తిక కావళ్ల పాటకైనా రెండు భాషల్లోనూ గిరాకీ ఉంటుంది. గుడి పెద్దలు చిత్తిరై నెలలోనే వచ్చి పాట పురమాయించి బయానా ఇస్తారు. ఆ సొమ్ముతో మహాశయుడు కొత్త కంట్రోలర్ తెప్పిస్తారు.

కంట్రోలర్ అంటే, కంప్యూటర్ తెర మీద మౌస్‌తో కదపవలసిన మీటలను చేత్తోనే కదపడానికి వీలుగా నాబ్‌లు, ఫేడర్లు అమర్చిన పెట్టె. దీని నుంచి స్వతహాగా ఏ శబ్దమూ పుట్టదు. ఈ ఒక్క విషయంలో అది యజమానిని పూర్తిగా పోలి ఉంటుంది. ఏ నాబ్ తెర మీది ఏ మీటను కదపాలో ముడిపెట్టడాన్ని మ్యాపింగ్ అంటారు. ఏ నాబ్ ఎంత తిరిగిందో అంకెల రూపంలో సాఫ్ట్‌వేర్‌కు చేరవేసే ఒప్పందాన్ని మిడి అంటారు. సీక్వెన్షియల్ సర్క్యూట్స్‌కు చెందిన డేవ్ స్మిత్, రోలాండ్ సంస్థ స్థాపకుడు ఇకుతారో కకెహాషి పూనుకోగా, 1983 జనవరిలో కాలిఫోర్నియాలో జరిగిన ఒక వాద్య ప్రదర్శనలో ఆ రెండు కంపెనీల సింథసైజర్లను తీగతో కలిపి ఒకదాని మీటలతో రెండోదాన్ని పలికించారు. వారు అక్కడితో ఆగి సంగీతం జోలికి వెళ్లారన్నది మహాశయుడు పట్టించుకోని వివరం.

మిడిలో ప్రతి నియంత్రణకూ ఒక సంఖ్య ఉంటుంది: 7 ధ్వని స్థాయికి, 10 కుడి ఎడమల పంపకానికి, 64 పియానో పెడల్‌కు. ఇవన్నీ ఈయనకు కంఠోపాఠం. చేపట్టిన పాట ఏ రాగంలో ఉందో మాత్రం అడగకపోవడం మర్యాద. ఒక్కో నియంత్రణ 0 నుంచి 127 దాకా మాత్రమే కదులుతుంది. తిరుత్తణి కొండకు 365 మెట్లుండగా తన నాబ్‌కు 128 మెట్లే ఉండటం ఈయనకు తీరని వ్యథ. పెద్ద కంట్రోలర్లు ఫేడర్ స్థానాన్ని 14 బిట్లలో పంపుతాయని, అందులో 16,384 మెట్లుంటాయని తెలిసిన రోజు ఈయనకు పండగ, ఆ ఏటి పాటకు గండం.

న్యాయంగా చెప్పాలంటే చిక్కులు నిజమైనవే. పెట్టెకు ఉన్నవి ఎనిమిది ఫేడర్లు, పాటకు ఉన్నవి ముప్పై ట్రాకులు. అందుకే ట్రాకులను ఎనిమిదేసి చొప్పున బ్యాంకులుగా విడగొడతారు. పంబ మోత పెంచబోయి, బ్యాంకు మారిన సంగతి మరచి, గాయని గొంతు నొక్కేయడం ఇక్కడ సామాన్యం. తెర మీద విలువ ఒకచోట, చేతి కింద ఫేడర్ మరోచోట ఉంటే ముట్టుకోగానే ధ్వని గెంతుతుంది. దాన్ని నివారించడానికి, ఫేడర్ ఆ విలువను దాటే వరకు సాఫ్ట్‌వేర్ పలకకుండా చేసే పికప్ అనే పద్ధతి ఉంది. మహాశయుడు దాన్ని రాత్రి అమర్చి, తెల్లవారేసరికి మరచిపోయి, ఫేడర్ చచ్చిపోయిందని నిర్ధారించి, మ్యాపింగ్ మొత్తం చెరిపి మొదటికి వస్తారు. చివరకు మోటారు ఫేడర్లు వస్తాయి. పాట నడుస్తుంటే అవి దెయ్యం పట్టినట్టు పైకీ కిందికీ తిరుగుతాయి. ఇంటికి వచ్చినవారందరికీ ఆ వేడుక చూపించి, తన తండ్రినీ పిలిచి కూర్చోబెడితే, ఆ పెద్దాయన కాసేపు చూసి, “అన్నీ వాటంతటవే తిరగతా ఉంటే ఇంక నీ పనేందిరా?” అని అడుగుతారు. మహాశయుడు ఆ ప్రశ్నను హార్డ్‌వేర్ సమస్యల జాబితాలో చేర్చుకుంటారు.

ఈలోగా ఆడి నెల వస్తుంది. పంబ వాయించేవారి కొడుకు సెల్‌ఫోన్‌లోనే పాట రికార్డు చేసి గుడి పెద్దలకు ఇచ్చేస్తాడు. కరెంటు స్తంభానికి కట్టిన ఒకే ఒక గొట్టం మైకులో అది ఊరంతా మోగుతుంది, జనం పూనకాలతో ఊగుతారు. వీధి చివర నిలబడి చెవి రిక్కించిన మహాశయుడు, గొంతు కాస్త ఎడమకు జరిగిందని, 10వ నియంత్రణ 64 మీద ఉండవలసింది 60 మీద ఉండిపోయిందని పక్కవారికి వివరిస్తారు.