తిమింగల వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం

తిమింగలాన్ని సూసేం. రెండు గంటల కాడ తోక అగుపడింది. అల్లం బాగుంది.

అవతారిక

మూలకర్త మా నర్సీపట్నం పెదనాన్న. బోస్టన్‌లో కొడుకింటికి వెళ్లి, తిమింగలాలు చూపించే ఓడెక్కి దిగాక ఇంటి వాట్సాప్ గ్రూపులో పెట్టిన తొమ్మిది మాటలివి. జతగా ఒక ఫొటో. అరగంటలో నాలుగు అపార్థాలు పుట్టడంతో ఈ టీక రాయాల్సి వచ్చింది.

ప్రతిపదార్థం

తిమింగలాన్ని = తిమి అనే పెద్ద చేపను మింగేదాన్ని. వ్యుత్పత్తి ఘనంగానే ఉంది గాని, అక్కడ కనిపించే హంప్‌బ్యాక్‌కు పళ్లే లేవు. నోట్లో జల్లెడలాంటి పలకలతో చిన్న చేపల్నీ రొయ్యపొట్టులాంటి జీవాల్నీ వడగట్టుకుని బతుకుతుంది. పైగా చేప కాదు, పిల్లకు పాలిస్తుంది. "తంతడి కాడికే వొచ్చింది కదా, దీనికి అమెరికా ఎందుకు?" అన్నది చిన్నాన్న ఆక్షేపణ. 2021 డిసెంబరులో అచ్యుతాపురం మండలం తంతడి తీరాన వలకు చిక్కితే, అటవీశాఖవాళ్లూ మత్స్యకారులూ కలిసి తిరిగి సముద్రంలోకి పంపింది వేల్ షార్క్‌ని. అది పేరుకు తిమింగలం, జాతికి సొర. కాబట్టి ఆక్షేపణ చెల్లదు.

రెండు గంటల కాడ = ఓడ ముక్కు పన్నెండనుకుంటే, కుడివైపు కాస్త ముందుకు. ఇది కాలవాచకం కాదు, దిగ్వాచకం. తెలియక పెద్దమ్మ "అయితే బోయినం ఎప్పుడు సేసేరు?" అని అడిగింది. ఆవిడ తప్పేం లేదు. మైకులో ఆ మాట వినగానే మూలకర్త కూడా వాచీయే చూసుకున్నాడట. అందులో ఇంకా నర్సీపట్నం టైమే నడుస్తోంది.

తోక = దాని అడుగున ఉండే నలుపు తెలుపు మచ్చలు ఏ రెండు హంప్‌బ్యాక్‌లకూ ఒకలా ఉండవు. వాటిని బట్టే ఒక్కోదాన్నీ గుర్తుపడతారు, పేర్లూ పెడతారు. బోస్టన్ ఓడలు వెళ్లే స్టెల్‌వాగన్ బ్యాంక్‌లో 1970ల నుంచి ఎరిగున్న ఓ ఆడ తిమింగలం పేరు సాల్ట్, అనగా ఉప్పు. వీపు రెక్క మీది తెల్లమచ్చల వల్ల వచ్చిన పేరు. దాని సంతానంలో వసాబి ఉంది, సోయా ఉంది.

అల్లం = ఈ వరసలో ఇదీ ఓ తిమింగలం పేరేనని మా అక్క వ్యాఖ్య. సాహసం మెచ్చదగ్గదే గాని అర్థం అది కాదు. అల్లం మురబ్బా. చింతపల్లి ఘాట్‌లో వాంతులు రాకుండా బస్సెక్కేముందు బుగ్గన పెట్టుకునే బిళ్ల. ఓడలోనూ అదే ఇచ్చారట.

తాత్పర్యం

'సూసేం' అన్నది బహువచనం, ఓడకంతటికీ చెందుతుంది. 'అగుపడింది' సరే, ఎవరికి? చెప్పలేదు. వరస కూడా గమనించాలి: తోక ముందు, అల్లం తర్వాత. అంటే తోక లేచే వేళకు బిళ్ల ఇంకా నోట్లో పడలేదు. ఆ వేళ మూలకర్త రెయిలింగ్ మీంచి ఏ గంటల వైపు వంగి ఉన్నాడో మూలంలో లేదు. అన్నయ్యని అడిగితే నవ్వాడు, చెప్పలేదు.

ఫొటోలో తోక లేదు. నీళ్ల మీద కాస్త నురగ ఉంది, ఓ మూల పెదనాన్న బొటనవేలు ఉంది.