నక్షత్రం చూసి నెట్టు పెట్టించుకోండి

ఆదివారం పొద్దున పాల ప్యాకెట్ల కోసం కిందికి దిగితే మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో షామియానా వేసి ఉంది. ఎవరింట్లో శుభకార్యమో, మనల్ని పిలవలేదేమో అని కాస్త నొచ్చుకుంటూనే దగ్గరికెళ్లి చూశాను. ఒక ప్లాస్టిక్ బల్ల, దాని మీద కరపత్రాలు, వెనకాల కంపెనీ టీషర్టుల్లో ఇద్దరు కుర్రాళ్లు.

"అంకుల్, మీది ఏ నెట్?" అన్నాడు అందులో పొడుగు కుర్రాడు. పూర్వం కొత్త మనిషి కనిపిస్తే మీదే ఊరని అడిగేవాళ్లు. ఏ నెట్టో చెప్పాను. "అయ్యో!" అన్నాడు. మా తాతగారు పోయినప్పుడు పరామర్శకొచ్చిన వాళ్లలో కూడా అంత జాలి చూడలేదు నేను.

కరపత్రం మీద 300 ఎంబీపీఎస్ అని బొటనవేలంత అంకెలున్నాయి. వాటి ముందు చీమ తలకాయంత అక్షరాల్లో 'అప్ టు'. వెనకాల నెత్తి మీద ఒక బుల్లి నక్షత్రం. పెళ్లికీ గృహప్రవేశానికీ నక్షత్రం చూడందే అడుగు వేయని వాళ్లం, నెట్టు దగ్గరికొచ్చేసరికి నక్షత్రాన్ని వదిలేసి అంకెను చూసి మురిసిపోతాం. ఫలితం కరపత్రం అడుగున రాసే ఉంటుంది, షరతులు వర్తిస్తాయని. ఇక 'అప్ టు' సంగతంటారా, తెలుగులో అది 'వరకు'. మా మేనల్లుడు కూడా ఇంటర్‌లో వెయ్యి మార్కుల వరకు తెచ్చుకోగలడు.

అయినా నేను చదువుకున్నవాణ్ణి కదా, తొందరపడలేదు. నాలుగు కంపెనీల కరపత్రాలు పోగేసి, తెల్లకాగితం మీద గళ్లు గీసి, మూడు రాత్రులు జాతకాలు కలిపాను. ఆ మూడు రాత్రుల జ్ఞానాన్ని మీతో పంచుకోవడం నా ధర్మం.

మొదటిది ధర. 499 అని రాసినచోట 499 కట్టబోయారు సుమా. 18 శాతం జీఎస్టీ కలిపితే 588 రూపాయల 82 పైసలు. రెండోది వేగం. వంద ఎంబీపీఎస్ అంటే సెకనుకు వంద మెగాబిట్లు. మన ఫోన్లో ఫైలు సైజు చూపించేది మెగాబైట్లలో. బైటుకు ఎనిమిది బిట్లు కాబట్టి మనకొచ్చేది సెకనుకు పన్నెండున్నర మెగాబైట్లు. మోసమేమీ కాదు, చిన్న బి, పెద్ద బి తేడా అంతే. కిలో అనుకుని సంచీ పట్టుకెళ్తే 125 గ్రాములు పోసి పంపడం లాంటిది.

మూడోది అన్‌లిమిటెడ్. నాలుగింటిలో మూడు కంపెనీల అనంతానికి హద్దు 3,300 జీబీ దగ్గర ఉంది. అనంతానికి హద్దేమిటని నేను ఆవేశపడుతుంటే, పై ఫ్లాటులో ఉండే రిటైర్డ్ లెక్కల మాస్టారు కళ్లజోడు సవరించుకుని కాగితం లాక్కున్నారు. హెచ్‌డీ సినిమాకు గంటకు మూడు జీబీ వేసుకో. హద్దు తాకాలంటే 1,100 గంటలు చూడాలి. రాత్రీ పగలూ రెప్ప వేయకుండా కూర్చున్నా నెలకున్నవి 720 గంటలే. "నీకు చూసే ఓపిక లేదు గానీ కోపం మాత్రం వచ్చిందోయ్," అన్నారు. నాలుగో కంపెనీ 4,000 ఇస్తోందని దాని పక్కన నేను పెట్టిన రెండు టిక్కులు గుట్టుచప్పుడు కాకుండా కొట్టేశాను.

మాస్టారు అక్కడితో వదల్లేదు. 4కే సినిమాకు నెట్‌ఫ్లిక్స్ అడిగేది 15 ఎంబీపీఎస్. అంటే 300లో ఒకేసారి ఇరవై సినిమాలు ఆడతాయి. మా ఇంట్లో ఇరవై టీవీలు లేవు. ఉన్న ఒక్క టీవీ రిమోటూ అమ్మ చేతిలో ఉంటుంది.

పోనీ, అమ్మిన 300 నిజంగా ఉంటుందా? ఎక్కడో నాలుగు వీధుల అవతల బయల్దేరిన ఫైబరు, స్ప్లిట్టర్ అనే బుల్లి డబ్బా దగ్గర 32 ఇళ్లకో 64 ఇళ్లకో చీలుతుంది. ఎక్కువగా వాడే జీపాన్ పద్ధతిలో ఆ ఒక్క ఫైబరు దించగలిగేది మొత్తం రెండున్నర గిగాబిట్లు. 64 ఇళ్లూ ఒక్కసారే లాగితే ఇంటికి 39 చొప్పున పడుతుంది. అందరూ ఒకే బంతిలో భోజనానికి కూర్చోరన్న ధైర్యంతో శుభలేఖలు పంచారన్నమాట. ఆ 39తో కూడా ఐపీఎల్ ఆఖరి బంతి దాకా హాయిగా చూడొచ్చు, కాదనను. మరి 300 ఎందుకు కొన్నట్టు?

దానికి జవాబు మా ఆవిడ చెప్పింది. "ఎదురింటి వాళ్లది 200 కదండీ."

కనెక్షన్ పెట్టాక స్పీడు టెస్టు కూడా చూసి తీరాల్సిన తంతు. కుర్రాడు రూటరుకు మూరెడు దూరంలో ఫోను పట్టుకుని, 5 గిగాహెర్ట్జ్ పెట్టి, ముల్లు పైకి లేస్తుంటే నా మొహంలోకి చూశాడు. 287. తర్వాత నేను రెండు గోడలు, ఒక ఇనుప బీరువా దాటి పడకగదిలో చూసుకుంటే 11. గోడలకు నెట్టు మీద గౌరవం లేదు. అది కంపెనీ తప్పు కాదు, మేస్త్రీ తప్పు.

ఇక కొసరు. అసలు కంటే అదే ఎక్కువ. పన్నెండు ఓటీటీలు ఉచితం, అందులో తొమ్మిదింటి పేర్లు ఆ రోజే విన్నాను. ఏడాదికి ఒక్కసారే కట్టేస్తే ఒక నెల ఉచితం, అంటే నచ్చకపోతే పదమూడు నెలలు నచ్చకుండానే కాపురం చేయాలి. ఇంటర్నెట్ ఫోను ఉచితం. కాల్సు ఉచితం గానీ ఫోను మనమే కొనుక్కోవాలని తర్వాత తెలిసింది. కొన్నాం. అమ్మ సంబరంగా తెనాలిలో పెద్దమ్మకు చేస్తే ఎవరో ఆడపిల్ల ఇంగ్లీషులో ఏదో చెప్పి పెట్టేసింది. "మీ పెద్దమ్మ ఇంట్లో ఎవరురా ఆ అమ్మాయి?" అంది అమ్మ. ల్యాండ్‌లైను నుంచి సెల్‌కు చేసేటప్పుడు ముందు సున్నా కొట్టాలని 2021 జనవరి 15 నుంచి రూలు. ఉచితమిచ్చిన వాళ్లు సున్నా సంగతి చెప్పలేదు.

పాత రాగితీగ ఫోనుకు కరెంటు ఎక్స్ఛేంజి నుంచే వచ్చేది, 48 వోల్టులు. ఇంట్లో దీపం ఆరినా డయల్‌టోన్ ఆరేది కాదు. ఈ కొత్త ఫోను అలాంటిది కాదు. కరెంటు పోతే రూటరు పోతుంది, రూటరుతో ఫోనూ పోతుంది. కరెంటాఫీసుకు ఫోను చేయాల్సింది సరిగ్గా అప్పుడే.

గుడివాడలో మా బావకు ఈ ప్లాన్ల జాతకాల గొడవ లేదు. 2017 డిసెంబరులో ఏపీ ఫైబర్‌నెట్‌ను అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించినప్పుడు నెట్టు, టీవీ, ఫోను మూడూ కలిపి 149 అన్నారు. బావ మనసులో గడియారం అక్కడే ఆగిపోయింది. నేను ఏ ప్లాను చెప్పినా "149 కంటే ఎక్కువేగా!" అని పెట్టేస్తాడు.

ఇన్ని లెక్కల్లో నేను మరిచింది స్తంభాన్ని. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి రథానికి కరెంటు తగిలి మనుషులు పోయారు. అప్పుడు గానీ స్తంభాల మీది కేబుళ్లు ఎవరి కళ్లా పడలేదు. హైదరాబాద్‌లో వాటిని కత్తిరిస్తూ పోతే ఇళ్లలో నెట్లు పోయాయి. 100 వాడిదీ, 300 వాడిదీ, ఓటీటీల వాడిదీ, అన్నీ ఒకే నల్లటి కుప్పగా ఫుట్‌పాత్ మీద పడ్డాయి. నా గళ్ల కాగితంలో స్తంభానికి గడి లేదు. తెగితే ఎవరొస్తారు, ఎన్నాళ్లకొస్తారు అన్నదానికీ లేదు. ఏ కరపత్రంలోనూ ఆ అంకె వేయరు. వేస్తే దానికి ఎన్ని నక్షత్రాలు పెట్టాల్సొస్తుందో!

మా పాత నెట్టు తెగినప్పుడు డబ్బా మీద ఎర్రదీపం మిణుకుమిణుకుమంది. కస్టమర్ కేర్ అమ్మాయి "లాస్ దగ్గర రెడ్ లైట్ వస్తోందా సార్?" అని నాలుగు రోజులు, రోజుకోసారి అడిగింది. సిగ్నల్ రావట్లేదని దానర్థమట. లాస్ అంటే నష్టమే కదా, ఎవరికో చెప్పకనే చెబుతున్నారని నేను అనుకున్నాను. ఐదో రోజు ఒళ్లు మండి, షామియానా కుర్రాడికి ఫోను చేసి కంపెనీ మార్చేశాను.

మర్నాడు కనెక్షన్ ఇవ్వడానికి లైన్‌మన్ వచ్చాడు. భుజాన కేబులు చుట్ట, నోట్లో స్క్రూడ్రైవరు. తలుపు తీయగానే ఇద్దరం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. పాత కంపెనీ తరఫున వస్తాడని నాలుగు రోజులు నేను ఎదురుచూసింది ఇతని కోసమే.

"నువ్వు వాళ్ల మనిషివి కదయ్యా?"

"వాళ్లదీ చేస్తా సార్, వీళ్లదీ చేస్తా. ఏరియా నాది."

అదే స్తంభం ఎక్కాడు, అదే కిటికీలోంచి తీగ లోపలికి తోశాడు. పాత మేకుకే కొత్త డబ్బా తగిలించాడు. దీపం పచ్చగా వెలిగింది. చెప్పులు వేసుకుంటూ వెనక్కి తిరిగి, "పాత బాక్సు కూడా ఇప్పుడే ఇచ్చేయండి సార్," అన్నాడు, "దానికోసం మళ్లీ రేపు నేనే రావాలి."