ఈ కరెంటు సలహాలు ఎవరు చెప్పినా వినకండి

ఆదోని, ఎమ్మిగనూరు, ఉరుకుంద చుట్టుపక్కల ఏ ఊళ్లో కొత్త ఇల్లు లేస్తున్నా, పాత మిద్దెలో ఒక గది పెంచుతున్నా కరెంటు సలహాలకు కొదవుండదు. చెప్పేవాళ్లంతా మన మేలు కోరేవాళ్లే. పొలంలో మోటారు స్టార్టరు సొంతంగా విప్పి బిగించుకునే చేతులు కాబట్టి వాళ్లకు ఆ ధైర్యం ఉంటుంది. కానీ వాటిలో కొన్ని సలహాలు ప్రాణం తీస్తాయి. అవేవో, వాటిని ఎందుకు వినకూడదో చెబుతాను.

"ఏముందిలేప్పా, రెండు తీగలేగా! ఎలక్ట్రీషియన్‌కు డబ్బులెందుకు, మనమే లాగేద్దాం."

బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్చు మార్చడం ఇంటివాళ్లు చేసుకోవచ్చు. కొత్త వైరింగు వేయడం, ఉన్నదాన్ని పెంచడం, మార్చడం మాత్రం లైసెన్సున్న కాంట్రాక్టరు కింద, పర్మిట్ ఉన్న పనివాళ్లే చేయాలని 1956 నాటి భారత విద్యుత్ నిబంధనల్లోని 45వ నిబంధన చెప్పింది. 2010, 2023 భద్రతా నిబంధనల్లోనూ ఆ గీత అక్కడే ఉంది. అది సరైన గీతే. బల్బు తప్పుగా పెడితే వెలగదు, తప్పు వెంటనే తెలిసిపోతుంది. వైరింగు తప్పుగా చేసినా లైటు వెలుగుతుంది, తప్పు గోడలో దాక్కుంటుంది. స్విచ్చును ఫేజుకు బదులు న్యూట్రల్ మీద పెట్టారనుకోండి. స్విచ్చు ఆపితే ఫ్యాను ఆగుతుంది, ఇంట్లో ఎవరికీ అనుమానం రాదు. కానీ ఫ్యానులో 230 వోల్టులు అలాగే ఉంటాయి. ఏ పండగ ముందో దుమ్ము దులపడానికి స్టూలెక్కినవాళ్లకు అది తెలుస్తుంది.

"ఎంసీబీ ఉంది కదన్నా, షాక్ కొడితే అదే పడిపోతుంది."

పడదు. ఎంసీబీ కాపాడేది తీగను, మనిషిని కాదు. 16 ఆంపియర్ల ఎంసీబీ అంతకు మించిన కరెంటు పారితేనే కదులుతుంది. మనిషి గుండె లయ తప్పడానికి ఒక ఆంపియరులో ఇరవయ్యో వంతు కూడా చాలు. మనిషి కోసం పెట్టాల్సింది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. వెళ్లిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా లేదా అని అది చూస్తూ ఉంటుంది. తేడా వస్తే రెప్పపాటులో లైను తెంచేస్తుంది. అయినా ఒక చేత్తో ఫేజు, మరో చేత్తో న్యూట్రల్ పట్టుకుంటే అదీ కాపాడలేదు.

"ఉప్పు, బొగ్గు వేసి పైపు పాతితే ఎర్తింగ్ అయిపోయినట్టే."

మన దగ్గర దీని గురించి ఎక్కువ ఆలోచించాలి. నల్లరేగడి నేల వానాకాలంలో తడిసి ఉబ్బుతుంది, ఎండాకాలంలో బీటలు తీస్తుంది. అప్పుడు పైపుకు, మట్టికి మధ్య పట్టు తగ్గి, ఎర్తింగ్ నిరోధం పెరుగుతుంది. అది 20 ఓములకు చేరిందనుకోండి. కూలర్ లోపల తీగ తెగి రేకుకు తగిలితే భూమిలోకి పోయేది 230ని 20తో భాగించినంత, అంటే పదకొండున్నర ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎంసీబీ దానికి కదలదు. కూలర్ రేకులో కరెంటు అలాగే ఉంటుంది. అదే ఎండాకాలంలో, నీళ్లు పోసిన ఆ కూలర్ పక్కనే పిల్లలు ఆడుతుంటారు. అందుకే మన నేలలో ఎర్తింగ్ ఒక్కటే చాలదు, దానికి తోడు ఆర్‌సీసీబీ ఉండి తీరాలి. ఎర్తింగ్ గుంతకు ఎండాకాలంలో నీళ్లు పోయండి, నిరోధాన్ని ఎర్త్ టెస్టర్‌తో కొలిపించండి. గుంత మగ్గం ఉన్న నేతగాళ్ల ఇళ్లలో ఈ జాగ్రత్త రెండింతలు కావాలి. నేసేవాళ్ల కాళ్లు రోజంతా మట్టి గుంతలోనే ఉంటాయి, తల మీదే లైటు తీగ వేలాడుతుంటుంది.

"ఎర్త్ లేకపోతే మూడో పిన్నును న్యూట్రల్‌కే కలిపెయ్."

అన్నిటికంటే పాడు సలహా ఇదే. బయట స్తంభం దగ్గర న్యూట్రల్ తెగిన రోజున ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, గ్రైండరు, అన్నిటి రేకుల్లోకీ కరెంటు వస్తుంది. ఇలా కలిపిన ఇల్లు మీదైతే ఇవాళే తీయించండి.

"ఫ్యూజు ఊరికే పోతోందా? లావు తీగ చుట్టు. ఏసీకి లైటు లైను నుంచే లాగు."

ఒకటిన్నర టన్నుల ఏసీ ఏడెనిమిది ఆంపియర్లు లాగుతుంది. లైట్ల కోసం వేసిన సన్న తీగ మీద, అప్పటికే ఉన్న బరువుకు తోడు దాన్ని మోపితే ఫ్యూజు పోతుంది. అది హెచ్చరిక. లావు తీగ చుట్టి ఆ హెచ్చరికను ఆపితే గోడలోని తీగే వేడెక్కుతుంది. మెలేసి టేపు చుట్టిన అతుకులు ముందు కాలతాయి. ఆదోని మార్కెట్‌కు తోలేదాకా రైతులు పత్తిని ఇంట్లోనే పోసుకునే ప్రాంతం మనది. పత్తికి ఒక్క నిప్పురవ్వ చాలు. పత్తి పోసిన గదిలో అతుకు తీగ, వదులు ప్లగ్గు ఉండకూడదు.

"టెస్టర్ వెలగలేదు, కరెంటు లేదులే."

టెస్టర్ పాడై ఉండొచ్చు, ఎండ వెలుతురులో దాని దీపం కనబడకపోవచ్చు. ముందు కరెంటు ఉన్న చోట వెలుగుతోందో లేదో చూసుకుని, ఆ తర్వాతే నమ్మాలి. ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో మెయిన్ ఆపినా కొన్ని తీగల్లో కరెంటు ఉంటుందని మరవొద్దు.

"లైన్‌మన్ వచ్చేదాకా ఎవరు కాచుకుంటారు, స్తంభం మనమే ఎక్కుదాం."

వద్దు. 1912కు ఫోన్ చేసి కాచుకోండి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు వేయబోయి చనిపోయిన రైతుల వార్తలు మనం చదువుతూనే ఉన్నాం.

శ్రావణమాసంలో ఉరుకుంద ఈరన్న స్వామి దర్శనానికి ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటకల నుంచి జనం పోటెత్తే రోజుల్లో అంగళ్లు పెట్టుకునేవాళ్లకు ఒక మాట. అవి వానలు పడే రోజులు. ఇనప గుంజలకు సీరియల్ బల్బుల తీగ చుట్టడం, కొక్కెం వేసి కరెంటు లాగడం రెండూ వద్దు. తాత్కాలిక కనెక్షన్ తీసుకోండి, దానికీ ఆర్‌సీసీబీ పెట్టించండి. ఎవరికైనా షాక్ తగిలితే చేత్తో లాగొద్దు. ముందు మెయిన్ ఆపండి, అది అందకపోతే ఎండు కర్రతో తీగను తప్పించండి. వెంటనే 108కి ఫోన్ చేయండి.

మేస్త్రీ వెంట వచ్చిన కుర్రాడికి పర్మిట్ లేకపోతే అతనూ మనలాంటివాడే. పని అప్పజెప్పేముందు పర్మిట్ చూపించమనండి, అడగడానికి మొహమాటపడొద్దు. పని అయ్యాక మీ ముందే ఆర్‌సీసీబీ మీదున్న 'టీ' బటన్ నొక్కించండి. నొక్కగానే కరెంటు పోవాలి. ఆ తర్వాత నెలకోసారి మీరే నొక్కి చూసుకోండి.