తాగని టీకి వోల్టేజీ వంక

అమెరికావాళ్ల వంటింట్లో ఎలక్ట్రిక్ కెటిల్ అంతగా ఎందుకు కనిపించదని, అక్కడి నుంచి సెలవులకొచ్చిన ఏ బాబాయినైనా అడిగి చూడండి. గొంతు సవరించుకుని సెలవిస్తాడు: "అక్కడ కరెంటు 120 వోల్టులే కదరా! నీళ్లు ఎప్పటికి కాగాలి?" అంతే, ఇక అలవాట్లూ నాలుక రుచీ స్విచ్‌బోర్డు ముందు చేతులు కట్టుకు నిలబడాల్సిందే.

లెక్క చూద్దాం. లీటరు మామూలు నీళ్లు మరగడానికి బ్రిటన్‌లో 3 కిలోవాట్ల కెటిల్‌కు దాదాపు 2 నిమిషాలు. అమెరికాలో 1.5 కిలోవాట్లదానికి 4. ఆ రెండు నిమిషాలే ఒక దేశం తలరాత రాసేశాయట! అదే ప్లగ్గుకు తగిలించిన కాఫీ మేకర్ బొట్టుబొట్టుగా కారుస్తుంటే మాత్రం అందరూ కప్పు పట్టుకుని బుద్ధిగా నిలబడతారు. కాఫీకి లేని తొందర టీకెందుకో?

సరిహద్దు దాటితే కెనడా. అక్కడా 120 వోల్టులే, అయినా ఇళ్లలో కెటిల్ మామూలు సామానే. జపాన్‌లో 100. బాబాయి లెక్కన అక్కడ నీళ్లు గోరువెచ్చన దాటకూడదు. వాళ్లేమో కెటిల్ చాలక, రోజంతా నీళ్లు వేడిగా ఉంచే పాట్ కూడా కొనుక్కుంటారు.

1990 ప్రపంచకప్ సెమీఫైనల్లో పశ్చిమ జర్మనీ చేతిలో ఇంగ్లండ్ ఓడగానే బ్రిటన్ గ్రిడ్ మీద ఒక్కసారిగా 2,800 మెగావాట్ల భారం పడింది. ఓటమి దిగమింగడానికి ఊరూవాడా కెటిల్ పెట్టింది మరి. అది వోల్టేజీ మహిమ కాదు, టీ పిచ్చి. అమెరికావాళ్లు తాగే టీలో చాలావరకు ఐస్ టీయే. ఐసుముక్కలు వేసుకునేవాడికి నీళ్లు రెండు నిమిషాలు ముందు కాగితే ఒరిగేదేమిటి?

ఇక మన సంగతి. బ్రిటన్‌తో సమానంగా 230 వోల్టులు. సూత్రం నిజమైతే ఇంటింటా కెటిల్ బుసలు కొట్టాలి. మన కెటిలేమో హాస్టల్లో వార్డెన్ కంటపడకుండా మ్యాగీ ఉడికిస్తోంది, లేదంటే హోటల్ గదిలో పాలపొడి పొట్లాల పక్కన గోళ్లు గిల్లుకుంటోంది. ఇంట్లో టీ అంటే పాలు, పొడి, పంచదార, దంచిన అల్లం గిన్నెలో వేసి స్టవ్ మీద మరిగించడమే. కెటిల్లో ఆ పని చేస్తే పాలు అడుగంటి, మూత తన్నుకుని గట్టంతా పారతాయి. మాడు గీకేది పిన్నిగానీ బాబాయి కాదు.

పోనీ, ఇంగ్లిషువాళ్ల వంటింట్లో వెట్ గ్రైండర్ ఎందుకు లేదో కూడా ఈ సూత్రంతోనే తేల్చెయ్ బాబాయ్. అక్కడా 230 వోల్టులేగా!