గేటు మూసేలోపు శ్రీశైలం

నల్లమల అడవి గేటు రాత్రి తొమ్మిదికి మూస్తారు. ఇటు మన్ననూరు దగ్గరా, అటు దోమలపెంట దగ్గరా. మళ్ళీ పొద్దున ఆరింటికే తీయడం. ఈ కాలపు శ్రీశైలం యాత్రకు ఉన్న మంత్రం అదొక్కటే. నందికొండలో కారెక్కిన దగ్గర్నుంచి మా వాడి నోట శివనామం వినపడదు. ‘గేటు బందు పెడ్తరు నాయనా, గేటు బందు పెడ్తరు’ అన్న జపమే. పులులు తిరిగే అడవి కాబట్టి మూస్తారు, మంచిదే, వాటికీ రాత్రిపూట కాస్త మనశ్శాంతి ఉండాలి. నా గోడు పులి మీద కాదు. చీకటితో బయల్దేరి, గేటు పడేలోపు అడవి దాటి, ఇంటికొచ్చి తమ మంచాల మీదే పడుకుని, తెల్లారి ‘శ్రీశైలం పోయొచ్చినం’ అని చెప్పుకుంటారు చూడండి, దాని మీద.

మా రోజుల్లో శ్రీశైలం పోవాలంటే ముందు బాకీ ఉండాలి. బాకీ అంటే మొక్కు. మేముండేది నాగార్జునసాగర్ ప్రాజెక్టు వాళ్ళ రేకుల క్వార్టరు. ఊళ్ళో పెంకుటిల్లైతే దూలముంటుంది, ముడుపు దానికి కట్టుకోవచ్చు. రేకుల కొంపకు దూలమెక్కడిది? మా అమ్మ కిటికీ ఊచకు కట్టేది. పసుపు నీళ్ళలో ముంచి ఆరేసిన గుడ్డపేలిక, అందులో ఒక బిళ్ళ, నాలుగు బియ్యపు గింజలు, పైన మూడు ముళ్ళు. పిల్లవాడికి జరమొస్తే ఒకటి, బర్రె చూడి నిలవకపోతే ఒకటి, నాయనకు కూలి పైసలు ఆగితే ఒకటి. శివరాత్రి దగ్గర పడేసరికి ఆ ఊచ కనపడేది కాదు. ముడుపులన్నీ విప్పి ఒళ్ళో పోసుకుని, ఏది దేనికి కట్టిందో చూసిన వెంటనే చెప్పేది. చదువు రాదు, లెక్క మాత్రం తప్పేది కాదు.

ఇప్పుడు హుండీ పక్కన నలుపు తెలుపు గళ్ళ బొమ్మ అంటించి ఉంటుంది. ఫోన్ చూపిస్తే ఐదు వందల పదహార్లు పోతాయి. ఏ జరానికి మొక్కావురా అని మనవణ్ణి అడిగితే, ‘జరమొస్తే డోలో ఏసుకుంట గద తాతా’ అంటాడు. వాడితో ఏం వాదిస్తాం!

మా నాయనది అచ్చంపేట దిక్కు. పాలమూరు కూలీ. దేశంలో ఏ ఆనకట్ట దగ్గర చూసినా పాలమూరు వాళ్ళ తట్టా పారా ఉంటాయని పేరు. సాగరుకూ అట్లాగే వచ్చాడు. కాగితాల మీద దీనికి మొదట నందికొండ ప్రాజెక్టనే పేరు. 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాదిరాయి వేశాడు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలింది. ఆ మధ్య పన్నెండేళ్ళూ రాయి మీద రాయి పేర్చడమే పని. నడిమి కట్టంతా రాతి కట్టడం. ఆనకట్టలే ఈ కాలపు దేవాలయాలని నెహ్రూ అన్నాడని మాకు బళ్ళో చెప్పేవారు. మా నాయన పగలంతా ఆ కొత్త గుడికి రాళ్ళు మోసేవాడు, ఏడాదికోసారి పాత గుడికి పోయి నడుము నొప్పి తగ్గించమని మొక్కుకునేవాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, ఈ కాలం వాళ్ళకు బొత్తిగా తెలియనిది. శ్రీశైలానికి నాలుగు దిక్కులా నాలుగు ద్వారాలున్నాయి. తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమట అలంపురం, ఉత్తరాన మన అచ్చంపేట దగ్గరి ఉమామహేశ్వరం. ఇవి గాక మూలలకు మరో నాలుగు. వాటిలో ఈశాన్యపు ద్వారం ఏలేశ్వరం. అంటే మా ఇంటి ముందరే! దేవరకొండ తాలూకాలో, కృష్ణ ఒడ్డున ఉండేది ఆ ఊరు. ఇప్పుడు సాగరు నీళ్ళ అడుగున ఉంది. నాగార్జునకొండ బౌద్ధ కట్టడాలు మునిగిపోతాయని 1954 నుంచి 1960 దాకా తవ్వకాలు జరిపి, కొన్నిటిని కొండ మీదికి, కొన్నిటిని అనుపుకు తరలించి మళ్ళీ నిలబెట్టారు. దేశదేశాల వాళ్ళు వచ్చి చూసిపోతారు, సంతోషం. ఏలేశ్వరంలోనూ తవ్వకాలు జరిగాయి గానీ, ఆ పేరెత్తితే మా కాలనీ పిల్లలే ‘అదెక్కడ?’ అంటారు. గట్టు మీది మల్లన్న ఒక్కడు నీళ్ళ నడుమ మిగిలాడు. శివరాత్రికి జనం లాంచీల్లో పోయి చూసొస్తారు.

శ్రీశైలం బయల్దేరే రోజు నాయన నీళ్ళ ఒడ్డుకు వెళ్ళి, ఏలేశ్వరం దిక్కుకు తిరిగి తువ్వాల నడుముకు చుట్టి దండం పెట్టేవాడు. ‘వాకిట్ల మొక్కకుండ సక్కగ ఇంట్లకు జొరబడ్తరారా ఎవరన్న?’ అనేవాడు. ఆ వాకిలి మునగడంలో తను మోసిన రాళ్ళ పాలు కూడా ఉందని ఆయనకు తెలియక కాదు. ఆ మాట ఎత్తామంటే చుట్ట వెలిగించుకుని అవతలికి పోయేవాడు.

తర్వాత ఎర్రబస్సు. దేవరకొండలో దిగి ఇంకోటి ఎక్కాలి, డిండి దాటి అచ్చంపేట. జొన్నరొట్టెలు గుడ్డలో చుట్టి, వాటి నడుమ పల్లికారం. పిల్లలకు మలీద ముద్దలు. ఆ బెల్లం వాసనకు బస్సులో పక్కవాళ్ళ పిల్లలు కూడా మా అమ్మ మొహమే చూసేవారు, వాళ్ళకు పెట్టక తప్పేది కాదు. అచ్చంపేటలో మేనత్త ఇంట్లో రాత్రి బస. మేనత్త ఇంటికి పోకుండా శ్రీశైలం పోతే దేవుడు ఒప్పుకున్నా ఆమె ఒప్పుకోదు. అక్కడ ఒక పూట ఏడుపులు, ఒక పూట నవ్వులు, పాత భూమి తగాదా కాసేపు, చివరికి ఎవరి పిల్లను ఎవరికి ఇవ్వాలో తేలేది. నా పెళ్ళి మాట కూడా అట్లాంటి ఒక యాత్రలోనే పుట్టింది. ఇప్పుడు మేనత్త మనవలు అక్కడే ఉన్నారు. మా కారు వాళ్ళ ఊరి పక్కనుంచి పోతుంది, మా వాడు హారన్ కూడా కొట్టడు.

మర్నాడు ఉమామహేశ్వరం. ఉత్తర ద్వారం గదా, అది దాటకుండా ముందుకు పోయే పద్ధతి లేదు. రంగాపురం దాటితే కొండ కింద భోగమహేశ్వరం, అక్కడ్నుంచి మెట్లు. పైన గుడంటే గోపురాలేం ఉండవు. కొండ రాయి పెద్ద చూరులాగా ముందుకు వంగి ఉంటుంది, దాని నీడలో దేవుడు. ఎండలు మండే రోజుల్లో కూడా ఆ చూరు కింద అరికాళ్ళు చల్లబడతాయి. పాపనాశనం దగ్గర బండ సందులోంచి నీళ్ళు బొట్టుబొట్టుగా రాలుతుంటే ముంత పట్టుకుని కూర్చునేవాళ్ళం. ముంత నిండాలంటే ఎంతసేపు పడుతుందో మీరే ఊహించుకోండి. నిండేదాకా అమ్మ లేవదు, మమ్మల్ని లేవనివ్వదు. చేసే పని లేదు, చెయ్యి చాపి పట్టుకోవడమే. ఆ కూర్చోవడం గురించే నేను చెప్తున్నది. మా వాడికి ఆ మలుపు దగ్గర చెప్తే, ‘వచ్చేటప్పుడు చూద్దాం తీ నాయనా’ అంటాడు. వచ్చేటప్పుడు గేటు.

మా తాత అయితే మమ్మల్నే లెక్కచేసేవాడు కాదు. ‘బస్సుల కూసోని పోతే యాత్రెట్లయితదిరా?’ అని ఈసడించేవాడు. ఆయన నాడు మన్ననూరు దాటితే కాలినడకే, చెంచులు దారి చూపాలి, అడుగున కృష్ణను పుట్టిలో దాటి పాతాళగంగ మెట్లెక్కాలి. మల్లన్న చెంచుల అల్లుడు, అందుకే వాళ్ళకు చెంచు మల్లయ్య. అల్లుడింటి దారి అత్తింటి వాళ్ళకు కాక ఎవరికి తెలుస్తుందని తాత నవ్వేవాడు. ఆ పాత మెట్లలో కిందివి కూడా శ్రీశైలం ఆనకట్ట కట్టాక నీళ్ళలోకి పోయాయి. ఉన్న మెట్లకు తోడు ఇప్పుడు రోప్‌వే వచ్చింది, తొట్టిలో కూర్చుంటే కిందికి దించుతుంది. తాత చూడలేదు, అదృష్టవంతుడు.

సలేశ్వరం ఒక్కటే ఇంకా పాత దారిలో ఉంది. చైత్ర పున్నమికి లింగాల దిక్కు నల్లమలలో జాతర, ఏడాదిలో ఆ కొద్ది రోజులే అడవిలోకి పోనిస్తారు. బండల మీదుగా, ఒకరి భుజం ఒకరు పట్టుకుని లోయలోకి దిగాలి. ఎదురొచ్చేవాళ్ళు ‘పోతున్నం లింగమయ్యా’ అంటే, పోయేవాళ్ళు ‘వస్తున్నం లింగమయ్యా’ అంటారు. లోయంతా ఆ కేకే. కింద గుండంలోకి పైనుంచి నీళ్ళు దూకుతుంటాయి, గుహలో లింగమయ్య, పూజ చేసేది చెంచులే. అక్కడ ఎవరూ తొందర పెట్టరు. కారు పోదు కాబట్టి.

ఇక శ్రీశైలం. ధూళి దర్శనమని ఒకటుంది, విన్నారా? స్నానం లేదు, మడి లేదు. దారి దుమ్ము కాళ్ళ మీద ఉండగానే, చేరిన పాటున నేరుగా పోయి స్వామిని చూసుకోవడం. ఎంత దూరం నుంచి వచ్చావో నీ కాళ్ళే చెప్తాయి. మా అమ్మ గుడి వాకిట్లో తన కాళ్ళ వంక చూసుకునేది, మోకాళ్ళ దాకా ఎర్రమట్టి. మొన్న నేను ధూళి దర్శనం చేసుకుందామంటే మనవడు కిందికి వంగి నా కాళ్ళు చూసి, ‘ధూళి ఏదీ తాతా?’ అన్నాడు. ఏసీ కారులోంచి దిగిన కాళ్ళు. వాడన్నదీ నిజమే.

ఆ పక్క సాక్షి గణపతి. చేతిలో గంటం, పుస్తకం పట్టుకుని కూర్చుంటాడు. వచ్చిన వాళ్ళ పేర్లు రాసుకుని, వీడు వచ్చాడని పైన సాక్ష్యం చెప్తాడంటారు. మేము పేరూ గోత్రమూ గట్టిగా చెప్పేవాళ్ళం, ఆయనకు సరిగా వినపడదేమోనని. ఇప్పుడు గదికి ఆధార్, స్పర్శ దర్శనం టికెట్టుకు ఆధార్. ఇన్ని చోట్ల రాసుకున్నాక గణపతికి పనేముంది? జనం కూడా బండి దిగకుండానే దండం పెట్టి పోతున్నారు.

వానాకాలమైతే చెప్పనక్కర్లేదు. శ్రీశైలం గేట్లు ఎత్తారని టీవీలో చూపగానే ఘాట్ రోడ్డంతా కార్లు. దేవుడి కోసం వచ్చారా, గేట్ల కోసమా? నాకైతే ఆ పన్నెండు గేట్లు ఆనవు, మా సాగరుకు ఇరవై ఆరున్నాయి. అవి చూడాలంటే మా కట్ట కింద పైలాన్ కాలనీలో నిలబడితే చాలు, ఇంత దూరం రావాలా?

అన్నీ చెడ్డవని నేననను. మొన్న యాదగిరిగుట్టకు తీసుకుపోయారు. 2022 మార్చి 28న కొత్తగా తెరిచిన గుడి. ఆ నల్లరాతి పని చూస్తే మా నాయన గుర్తొచ్చాడు. ఉండి ఉంటే దర్శనం మానేసి అతుకుల మీద చెయ్యి వేసి తడుముతూ తిరిగేవాడు. కానీ రోగమొస్తే అక్కడే ఉండి, తడిబట్టలతో మండలం రోజులు ప్రదక్షిణలు చేసేవాళ్ళుండేవారు ఒకప్పుడు. ఇప్పుడు బయటికొచ్చిన వాణ్ణి ఎవరైనా అడిగేది ఒక్కటే, ‘ఎంతసేపు పట్టింది?’

ఇదంతా నేను ఏకరువు పెడుతుంటే మా కోడలు చిక్కుడుకాయలు తుంచుతూ వింది. ఆఖరున తల ఎత్తకుండానే అడిగింది, ‘అంతా బాగున్నది గని మామయ్యా, మీరు ఆగినకాడల్లా మూడు రాళ్ళ పొయ్యి పెట్టింది ఎవరు? అత్తమ్మ ఒక్కపూటన్న మీతోని కూసోని తిన్నదా?’

తినలేదు. మగవాళ్ళం చెట్టు కింద ఒరిగి బీడీలు కాల్చేవాళ్ళం. ఆడవాళ్ళు పుల్లలు ఏరి, నీళ్ళు మోసి, వండి, అందరికీ పెట్టి, గిన్నెలు తోమేసరికి ‘ఇంక నడువుండ్రి’ అనేవాళ్ళం. స్నానాలకు వాళ్ళు చీకటితో లేవాలి, జనం లేవకముందే. అందుకే ఆ రోజు నుంచి వంట మాట నా వర్ణనలోంచి తీసేశాను. మలీద ముద్దల దగ్గర ఆపేస్తున్నాను.

కానీ ఉమామహేశ్వరం మాట వదలను. కారుకు గేటు భయం ఉంటే ఉండనీ, నేను బస్సులో పోతానని చెప్పేశాను. దేవరకొండ, అక్కడ్నుంచి అచ్చంపేట, మేనత్త మనవల ఇంట్లో బస, తెల్లారి రంగాపురం. నా మోకాళ్ళ సంగతి మా వాడు గుర్తు చేశాడు. కోడలు కల్పించుకుని, ‘నేను తోలుకపోత తియ్, నాకు ఆధార్ చూపిస్తే బస్సు ఫ్రీ, ఆయనకొక్కరికే టికెట్టు’ అంది.

‘మెట్లెక్కుతడా?’ అన్నాడు వాడు.

‘మెట్లెందుకు, గుడికాడికి రోడ్డు పడ్డది గద. ఆటో పోతది.’

ఆ రోడ్డు ఎందుకేశారో గానీ, అది పడ్డాక మెట్ల ముఖం చూసేవాడే లేడు. ఆటోవాడు ఎంత అడుగుతాడో ముందే కనుక్కోమన్నాను. ముంత మాత్రం నేనే పెట్టుకుంటాను సంచిలో, ఇత్తడిది, పెద్దది.