రెండున్నర సెకన్ల దూరం

కరీంనగర్ నుంచి ఆదిలాబాద్‌కు బస్సులో పోవాలంటే జగిత్యాల దాటాలి, గోదావరి దాటాలి, నిర్మల్ దాటాక మహబూబ్ ఘాట్ మలుపుల్లో పొద్దున తిన్న ఉప్మా బయటికి రాకుండా కాచుకోవాలి. నా గొంతు మాత్రం ఈ తిప్పలేవీ పడకుండా వారానికి మూడు రోజులు అక్కడికి పోయొచ్చేది. ఉట్నూరు అవతల ఒక బడిలో తొమ్మిదో తరగతికి భౌతికశాస్త్రం చెప్పే సారు లేడు. ఇక్కడ నేనున్నాను. రెండు బడులనూ వీడియోలో కలిపి, ఒకేసారి పాఠం చెప్పమన్నారు.

టీవీలో చదువు మనకు కొత్తేం కాదు. 1975 ఆగస్టు నుంచే ఏటీఎస్-6 అనే అమెరికా ఉపగ్రహం 'సైట్' ప్రయోగం కింద ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెలకు ఏడాది పాటు పాఠాలు చూపించింది. అందులో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. 2004 సెప్టెంబరులో చదువు కోసమే ఎడ్యుశాట్‌ను శ్రీహరికోట నుంచి పైకి పంపారు. 'మన టీవీ' అనే ఛానలూ ఉండేది, అదే తర్వాత టీ-శాట్ అయింది. కరోనా కాలంలో 2020 సెప్టెంబరు ఒకటి నుంచి యాదగిరి, టీ-శాట్ ఛానళ్లలో పాఠాలు ఇంటింటికీ వచ్చాయి. కాకపోతే టీవీ సారు మేనమామలాంటి వాడు. ఆయన చెప్పుకుపోతాడు, మనం తల ఊపాలి. మా వీడియో పాఠంలో పిల్లలు తిరిగి మాట్లాడగలరు. వచ్చిన చిక్కల్లా అదే.

మొదటి రోజు హాజరు పిలిచాను. "పదకొండు" అన్నాను. జవాబు లేదు. "పన్నెండు" అన్నాను. "ప్రెజెంట్ సార్!" అని వినిపించింది. టిక్కు పెట్టాను. ఆ పలికింది పదకొండో నంబరు పిల్లవాడని, పన్నెండో వాడు ఆ రోజు పత్తి ఏరడానికి పోయాడని నాకేం తెలుసు? ఆఖరి నంబరు పిల్ల మొదటి బెంచీలో కూర్చుని ఉండి కూడా ఆబ్సెంటు పడింది. ఆమె గొంతు వచ్చేసరికి నేను రిజిస్టరు మూసేశాను.

అక్కడి గోడకు తెల్ల దుప్పటి కట్టి, దాని మీద నన్ను వేసేవారు. ఫ్యాను తిరిగితే నా మూతి వంకర పోయేదట. ఒకనాడు బొమ్మ మొత్తం ఆగిపోయింది. పిల్లల పక్కన కూర్చునే అక్కడి తెలుగు సారు ఫోన్ చేసి, "ఏమనుకోకండి సార్, డిష్ మీద కొండెంగ కూర్చుంది. దానంతట అదే లేవాలె, లేపబోతే పండ్లిగిలిస్తది" అన్నాడు. ఆ రోజు న్యూటన్ మూడో నియమం కొండెంగ దయ మీద ఆధారపడింది.

అసలు తమాషా ధ్వని పాఠం రోజు జరిగింది. "ప్రతిధ్వని అంటే ఏమిటి?" అని అడిగాను. అక్కడి నుంచి నా గొంతే నీరసంగా "...అంటే ఏమిటి?" అని తిరిగొచ్చింది. వాళ్ల స్పీకర్లో పడ్డ నా మాట వాళ్ల మైకులో దూరి వెనక్కి వచ్చిందన్నమాట. ఇరవై ఏళ్లుగా చెబుతున్న పాఠం, తనను తానే చెప్పుకోవడం అదే మొదటిసారి. సంబరపడి సూత్రం రాయించాను. గాలిలో ధ్వని సెకనుకు 344 మీటర్లు పోతుంది, ప్రతిధ్వనికి పట్టిన కాలాన్ని వేగంతో గుణించి సగం చేస్తే దూరం వస్తుంది.

కాసేపటికి అక్కడ ఒక పిల్ల లేచింది. ఆబ్సెంటు పడ్డ పిల్లే. "సారూ, నేను కూతేస్తే రెండున్నర సెకన్లకు నా కూత నాకే మర్లొచ్చింది. తెలుగు సారు ఫోన్ల చూసిన. లెక్క చేస్తే 430 మీటర్లొచ్చింది. మా గుట్ట అవతలనే ఉన్నరా మీరు?"

నేను నోరు తెరిచేలోపే మా కరీంనగర్ పిల్లవాడొకడు లేచాడు. "అది గాలిల పోదు సార్. రేడియో తరంగాలు సెకనుకు మూడు లక్షల కిలోమీటర్లు పోతయ్. గట్ల లెక్కేస్తే 3,75,000 కిలోమీటర్లు. వాళ్లు సందమామ దగ్గరున్నరు!"

చంద్రుడు సగటున 3,84,000 కిలోమీటర్ల దూరం. వాడి లెక్క పెద్దగా తప్పలేదు, ఊరే తప్పింది. వాళ్ల ఊళ్లో వీడియోకు సరిపడా సిగ్నల్ లేదు కాబట్టి నా మాట సుమారు 36,000 కిలోమీటర్లు పైకెక్కి ఉపగ్రహాన్ని తాకి, మళ్లీ అంతే కిందికి దిగాలి. దానికి పావు సెకను. పోయి రావడానికి అర సెకను. మిగతా రెండు సెకన్లను మధ్యలోని పెట్టెలూ వైర్లూ మింగుతున్నాయని రెండు తరగతులకూ చెప్పాను. విన్నారు. అయినా ఆ రోజు నుంచి అక్కడ నా పేరు సందమామ సారు.

ఆ రెండున్నర సెకన్లు నన్ను మాత్రం బాగా సతాయించాయి. పంతుళ్లకొక రోగముంది. ప్రశ్న మనమే అడుగుతాం, గాలి పీల్చుకునే లోపే జవాబూ మనమే చెబుతాం. ఇక్కడ అట్లా చేస్తే నా జవాబూ వాళ్ల జవాబూ ఆకాశంలో గుద్దుకుని రెండూ బూడిదయ్యేవి. గత్యంతరం లేక అడిగి ఊరుకోవడం నేర్చుకున్నాను. మొదట్లో నాలుక కొరుక్కునేవాణ్ని, తర్వాత చాక్‌పీసు కొరికాను.

ఎండాకాలం సెలవులకు ముందు ఒకసారి బస్సెక్కి వెళ్లాను. గదిలో అడుగు పెట్టగానే వెనక బెంచీలో గుసగుస. "గింత పొట్టిగున్నడేందిరా సారు!" దుప్పటి మీద నా తలకాయే నాలుగడుగులుండేది మరి. తెలుగు సారు నవ్వాపుకుంటూ కుర్చీ వేశాడు. మొదటి బల్లకూ నాకూ మధ్య జానెడు దూరం. అయినా అలవాటుగా నా నోట్లోంచి "వినబడుతుందా?" అనే వచ్చింది.

ఎవ్వరూ ఉలకలేదు, పలకలేదు. కూతేసిన ఆ పిల్ల గోడ గడియారం వైపు చూస్తోంది. నేనూ ఊరుకున్నాను. ఒకటి, రెండు, ఇంకో సగం.

"ఇనవడ్తుంది సారూ!"