ఇరుసు కింద జానెడు

నేను మారుతి జిప్సీ కింగ్‌ని. మా వంశం ఈ దేశంలో 1985 చివర్లో రోడ్డెక్కింది. మా మూలం జపాన్ సుజుకి జిమ్నీ, నేను పుట్టింది మాత్రం గుర్‌గావ్ ఫ్యాక్టరీలో. 1298 సీసీ పెట్రోలు ఇంజను, 80 బీహెచ్‌పీ సత్తా, టన్నుకు అటూ ఇటూగా బరువు. ముందూ వెనకా కమాన్ కట్టలే కాబట్టి నా మీద ప్రయాణమంటే నడుం పట్టేస్తుందని అందరూ తిట్టేవాళ్లే. కొంతకాలం పట్టాళంలో కొలువు చేశాను. తర్వాత వేలంలో అమ్ముడై, చేతులు మారి రాజమండ్రి చేరాను.

ఇప్పుడు నాకు యజమాని అయిన అబ్బాయికి మారేడుమిల్లి అడవులంటే ప్రాణం. రంపచోడవరం దాటాక తారురోడ్డు వదిలి, వానలకు కోసుకుపోయిన బాటల్లో తిరగాలని కోరిక. నన్ను షెడ్డుకు తోలుకొచ్చి మేస్త్రి చేతిలో ఒక చీటీ పెట్టాడు. అందులో స్నార్కెల్, వించ్, నాలుగంగుళాల లిఫ్టు, టాపు మీద క్యారియర్, వరసగా లైట్లు ఉన్నాయి.

మేస్త్రి చీటీ చదివి, "అన్నీ బానే ఉన్నాయి గానీ బాబూ, బండి ఇప్పటిదాకా ఎక్కడాగిందండి?" అన్నాడు.

"ఎక్కడా ఆగలేదు మేస్త్రి గారూ. అసలింకా తీసుకెళ్లలేదు."

"అయితే ముందు టైర్లు మార్చి తీసుకెళ్లండి. మిగతాది బండే చెబుద్ది."

టైర్లే ఎందుకో నేను చెబుతాను. నా ఇరుసు కింద ఖాళీ 210 మిల్లీమీటర్లు, అంటే జానెడుకు కాస్త తక్కువ. దారిలో రాయి తగిలేది అక్కడే, ఇరుసు మధ్య ఉబ్బుగా ఉండే డిఫరెన్షియల్‌కి. కమాన్లు ఎంత లేపినా పైకి లేచేది నా ఒళ్లే, ఇరుసు ఉన్నచోటే ఉంటుంది. దాన్ని లేపగలిగింది టైరొక్కటే. కంపెనీ ఇచ్చిన 205/70 ఆర్15 టైరు ఎత్తు సుమారు 668 మిల్లీమీటర్లు. 215/75 ఆర్15 వేస్తే ఇంకో 35 పెరుగుతుంది, అందులో సగం ఇరుసు కింద కలిసొస్తుంది. 235/75 అయితే ఇంకా లాభమే గానీ దానికో ఖరీదుంది. చక్రం పెద్దదైన కొద్దీ ఇంజను మీద బరువు పడుతుంది, మీటరు 60 చూపిస్తుంటే నిజానికి 66 దగ్గర పోతుంటాను. నా 80 బీహెచ్‌పీకి అంత భారం వద్దని మేస్త్రి 215/75నే ఖాయం చేశాడు. లోతు గాట్ల మడ్ టైర్లు కూడా వద్దన్నాడు. అవి బురదలో రాజాలే గానీ తడి తారు మీద పట్టు తక్కువ, మోత ఎక్కువ. మారేడుమిల్లి దాకా ఎనభై కిలోమీటర్ల పైగా తారురోడ్డే కదా! అందుకని రెండు దారులకూ పనికొచ్చే ఆల్ టెరెయిన్ రకం వేశాడు.

దాంతోపాటు చిన్న గాలి కంప్రెసరు కొనిపించాడు. బాట దిగగానే గాలిని 18 పీఎస్‌ఐ దాకా తగ్గిస్తే టైరు నేలను ఎక్కువ మేర పట్టుకుంటుంది. తిరిగి తారురోడ్డెక్కేముందు నింపాల్సిందే, లేకపోతే టైరు వేడెక్కి పాడవుతుంది. ఎక్కడానికైనా దిగడానికైనా లో గేరు ఉండనే ఉంది. నా ట్రాన్స్‌ఫర్ కేసులో హై నిష్పత్తి 1.409, లో 2.268. లో వేస్తే చక్రాలకు అందే తిప్పుడు బలం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. ఇది కంపెనీ పెట్టి ఇచ్చిందే, కొత్తగా కొనక్కర్లేదు.

ఆ టైర్లతో వెళ్లి చివరికి ఒకచోట ఆగాను. బాటలో ఓరగా పడ్డ గండిలో నా ముందు చక్రమొకటి, దానికి ఎదురు మూలన వెనక చక్రమొకటి గాల్లోకి లేచాయి. మామూలు డిఫరెన్షియల్ గుణమేమిటంటే, ఏ చక్రం తేలిగ్గా తిరుగుతుందో దాన్నే తిప్పుతుంది. గాల్లో ఉన్నవి గిర్రున తిరిగాయి, నేల మీదవి కదల్లేదు. బ్రేకు కాస్త నొక్కిపట్టి యాక్సిలరేటరు ఇస్తే నేల మీది చక్రానికీ కొంత బలం అందుతుంది. అలాగే బయటపడ్డాం. తిరిగొచ్చాక మేస్త్రి వెనక ఇరుసులో లాకర్ బిగించాడు. ఇప్పుడు వెనక చక్రాలు రెండూ కలిసే తిరుగుతాయి.

తర్వాత వాగుల సంగతి. ఇంజను నీళ్లు పీల్చిందంటే సిలిండర్లోని నీరు అణగదు, కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. స్నార్కెల్ గాలి పీల్చే నోటిని పైకి లేపుతుంది, అంతవరకే. ప్రయాణంలో వేడెక్కిన ఇరుసు చన్నీళ్లలో దిగగానే లోపలి గాలి కుంచించుకుపోయి బ్రీదర్ గొట్టం గుండా నీళ్లు లాగుతుంది. అప్పుడు ఆయిలు చిలికిన మజ్జిగలా తెల్లబడుతుంది. మేస్త్రి ముందుగా ఆ బ్రీదర్లకు రబ్బరు గొట్టాలు వేసి పైకి కట్టాడు. ఖర్చు స్వల్పం, ఫలితం పెద్దది.

వించ్ కొనాలంటే నిండు బరువుకు ఒకటిన్నర రెట్లు లాగగలదై ఉండాలి. దాన్ని మోసేందుకు బలమైన బంపరు కావాలి, ఆ రెంటి బరువుకూ నా ముందు కమాన్లు కుంగుతాయి. తేలికదనమే నా బలం, దాన్ని మొదటే పోగొట్టుకోవడం దేనికి? అందుకని ఛాసిస్‌కే బోల్టులతో బిగించిన లాగుడు కొక్కేలు, సాగే తాడు, ఒక పార చాలన్నాడు. బంపరుకో ట్రెయిలరు బంతికో తాడు కట్టి లాగితే అది ఊడి తుపాకీ గుండై దూసుకొస్తుందని మరీ మరీ చెప్పాడు.

ఇక లిఫ్టు. నా కమాన్లు ఇరుసు కింద ఉంటాయి. వాటిని ఇరుసు పైకి మారిస్తే నాలుగైదంగుళాలు ఎత్తు వస్తుంది. కానీ ప్రొపెల్లర్ షాఫ్టు కోణం పెరుగుతుంది, బ్రేకు గొట్టాలు చాలవు, స్టీరింగు రాడ్లు సర్దాలి. పైగా పక్కకు ఒరిగితే బోల్తా పడే భయం. క్యారియర్ మీద సామాను వేసినా ఇదే ప్రమాదం.

చట్టం సంగతీ ఉంది. ఆర్‌సీలో ఉన్న వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. బంపరు ముందు బిగించే బుల్ బార్లు కుదరవని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. ఏది బిగించాలన్నా ముందు ఆర్టీవో ఆఫీసులో కనుక్కోండి.

బండి కొన్నవాళ్లకు నా మాట ఇదీ: ముందు టైర్లు, గాలి, లాగుడు కొక్కేలు చూసుకోండి. ఆపైన బండి ఎక్కడ ఆగిందో చూసి, దానికి విరుగుడే కొనండి. ఎన్ని బిగించినా ఒంటరిగా మాత్రం అడవి బాట పట్టకండి. వెనక ఇంకో బండి ఉండాలి.